చెక్కపని మెషిన్లు, పాఠకుల ప్రశ్నలు: పుల్లీని చూడకుండా బెల్ట్ కొనకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెల్టుల గురించే. అందుకే బ్లేడ్ల ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపి, చోటంతా వీటికే ఇస్తున్నాను. ముందుగా ఒక మాట. కింద చెప్పిన ఏ పని మొదలుపెట్టినా ప్లగ్ పీకేసి, అది మీ కంటికి కనిపించే చోట పెట్టుకోండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. బెల్ట్ తిప్పి చూస్తున్నప్పుడు అవతల ప్లేనర్ (చిత్రిక పట్టే మెషిన్) కత్తులో, రంపం పళ్లో కూడా తిరుగుతుంటాయి. రెండో చెయ్యి ఎక్కడుందో గమనించుకోండి.

ప్రశ్న: అయ్యా, పాత ప్లేనర్ ఒకటి కొన్నాను. బెల్ట్ మీద నంబర్ చెరిగిపోయింది. బెల్ట్ పైన చుట్టూ దారం పెట్టి కొలిస్తే సరిగ్గా 50 అంగుళాలు వచ్చింది. షాపులో అడిగితే ఏ-50 ఇచ్చారు. మోటార్‌ను స్లాట్ చివరిదాకా జరిపినా వదులుగానే ఉంది. నా కొలత తప్పా, వాళ్లిచ్చిన బెల్ట్ తప్పా?

మీ కొలత సరైనదే, వాళ్లు ఇచ్చింది కూడా మీరు అడిగినదే. మీరు కొలిచింది బయటి చుట్టుకొలత. ఏ-50లో ఉన్న 50 మాత్రం లోపలి చుట్టుకొలత. ‘ఏ’ (A) సెక్షన్, అంటే ‘ఏ’ అనే అడ్డకోత సైజు బెల్ట్‌లో లోపలి కొలత కంటే బయటి కొలత సుమారు 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉంటుంది. కాబట్టి మీకు కావాల్సింది ఏ-48. అదే బీ సెక్షన్ అయితే తేడా దాదాపు 70 మి.మీ.

ఈ గందరగోళానికి ఇంకో కారణం కూడా ఉంది. 4ఎల్ అనే తేలికరకం బెల్టులు ‘ఏ’ బెల్టుల్లాగే అర అంగుళం వెడల్పు ఉంటాయి, కానీ వాటి నంబర్ బయటి కొలతను చెబుతుంది. 4ఎల్500 అంటే బయట 50.0 అంగుళాలు. ఇక ఎస్‌పీజెడ్, ఎస్‌పీఏ బెల్టుల నంబర్ మిల్లీమీటర్లలో ఉంటుంది. అది లోపలి కొలతా కాదు, బయటి కొలతా కాదు. బెల్ట్ లోపల బలాన్నిచ్చే దారాలు ఉన్న వరుస వెంట తీసిన కొలత. ఇలా మూడు రకాల బెల్టులకు మూడు లెక్కలు. అందుకే షాపుకు వెళ్లినప్పుడు "50 అంగుళాల బెల్ట్" అనకండి. "బయటి కొలత 50, ‘ఏ’ సెక్షన్" అనండి.

పొడవు సంగతి తేలింది కానీ, నిజానికి అది ఆఖరున చూడాల్సిన విషయం. మొదట చూడాల్సింది పుల్లీ గాడి. పాత మెషిన్ కొన్నప్పుడు దాని మీద ఉన్న బెల్ట్ సరైనదేనన్న హామీ ఏమీ లేదు. వెనకటి యజమాని చేతికి దొరికింది వేసి ఉండవచ్చు. అరిగిన బెల్ట్‌ను కొలిచి అలాంటిదే కొత్తది తెస్తే, ఆ పొరపాటు కూడా కొత్తగా వస్తుంది.

‘ఏ’ బెల్ట్ పైన 13 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉంటుంది. బీ బెల్ట్ 17, 11. జెడ్ బెల్ట్ 10, 6. అరిగిన ‘ఏ’ బెల్ట్ 12 మాత్రమే చూపించవచ్చు, అప్పుడు దాన్ని వేరే రకమనుకుని మోసపోతాం. వెడల్పు ఒక్కటే చూస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఎస్‌పీఏ కూడా పైన దాదాపు 13 మి.మీ. ఉంటుంది, కానీ మందం 10. పాత మెషిన్లలో గాడి లోతు తక్కువగా ఉంటే ఎస్‌పీఏ అడుగు గాడి అడుగుకు తగులుతుంది.

అలా తగలడం ఎందుకు చెడ్డదో చెబుతాను, ఎందుకంటే వీ-బెల్ట్ (అడ్డకోతలో V ఆకారంలో ఉండే ఈ బెల్ట్) పనితీరంతా ఇక్కడే ఉంది. ఈ బెల్ట్ అడుగుతో లాగదు, రెండు పక్కలతో లాగుతుంది. గొడ్డలి కర్రకు కొట్టిన చీల బిగుసుకున్నట్టు, లోడ్ పెరిగేకొద్దీ బెల్ట్ గాడిలోకి ఇంకా దిగి పక్కలను గట్టిగా పట్టుకుంటుంది. అడుగు తగిలిందంటే ఇక దిగే చోటు ఉండదు. పక్కల పట్టు పోయి బెల్ట్ జారుతుంది, వేడెక్కుతుంది, దాని పక్కలు గాజులా నునుపెక్కుతాయి. కాబట్టి టార్చ్ పట్టుకుని గాడి అడుగు చూడండి. రంగు మాసి, దుమ్ము పట్టి ఉంటే మంచిది. తళతళ మెరుస్తుంటే మాత్రం బెల్ట్ అడుగున రుద్దుకుంటోందని అర్థం. సన్నరకం బెల్ట్ అయినా వేసి ఉండాలి, లేదా గాడి అరిగి వెడల్పయినా ఉండాలి.

గాడి అరుగుదల చూడటానికి తిన్నని స్టీల్ స్కేల్ అంచును గాడి పక్కకు ఆనించండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే అక్కడ గుంట పడింది. ఆ గుంట 0.8 మి.మీ. దాటితే పుల్లీ మార్చాల్సిందే. అలాంటి గాడిలో ఎంత మంచి బెల్ట్ వేసినా త్వరగా పాడవుతుంది. చాలామంది ఏడాదికో బెల్ట్ మారుస్తారు, పుల్లీ వంక మాత్రం చూడరు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

గాడి బాగుంటే కొత్త బెల్ట్ ముక్క ఏదైనా అందులో పెట్టి చూడండి. పై అంచు పుల్లీ అంచుతో సమానంగా, లేదా ఒక వెంట్రుక మందం పైకి కూర్చోవాలి. బాగా లోపలికి పోయినా, చాలా పైకి తేలినా ఆ సెక్షన్ మీ పుల్లీది కాదు.

ఇప్పుడు పొడవు. పాత బెల్ట్‌ను నమ్మకుండా నేరుగా మెషిన్ మీదే లెక్క కట్టవచ్చు. రెండు షాఫ్టుల మధ్య దూరాన్ని, మధ్య నుంచి మధ్యకు, రెండుతో గుణించండి. రెండు పుల్లీల బయటి వ్యాసాలు కూడి 1.57తో గుణించి దానికి కలపండి. రెండు వ్యాసాల తేడాను దానితోనే గుణించి, షాఫ్టుల దూరానికి నాలుగు రెట్లతో భాగించి అదీ కలపండి. ఉదాహరణకు మోటార్ పుల్లీ 150 మి.మీ., కత్తుల డ్రమ్ పుల్లీ 80 మి.మీ., షాఫ్టుల దూరం 450 మి.మీ. అనుకుందాం. మొదటిది 900, రెండోది 361, మూడోది 3. మొత్తం 1264. బెల్ట్ పై అంచు పుల్లీ అంచుతో సమంగా కూర్చుంటుంది కాబట్టి ఇది ఇంచుమించు బయటి కొలతే. అందులోంచి 50 తీసేస్తే 1214. ఏ-48 లోపలి కొలత 1219. సరిపోయింది.

షాఫ్టుల దూరం కొలిచేటప్పుడు మోటార్‌ను స్లాట్‌లో ఎక్కడ ఉంచాలన్నది కూడా ముఖ్యమే. కొత్త బెల్ట్ సులువుగా ఎక్కడానికి లోపలి వైపు కాస్త, వాడే కొద్దీ సాగితే లాగడానికి బయటి వైపు అంతకంటే ఎక్కువ జరిగే చోటు మిగలాలి. స్లాట్ చివర్లో కొలిచి బెల్ట్ కొంటే రేపు బిగించడానికి మీకు చోటే ఉండదు.

చివరగా, అడుగున గాట్లున్న బెల్ట్ తీసుకోవాలా అని కూడా అడిగారు. నంబర్‌లో ఏఎక్స్ అని ఉండేవి అవే. చిన్న పుల్లీ 75 మి.మీ. కంటే తక్కువ ఉంటే నేను ఏఎక్సే వేస్తాను. గాట్ల వల్ల సులువుగా వంగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. మీది 80 అయితే మామూలు ‘ఏ’ బెల్ట్ కూడా పని చేస్తుంది, కానీ ఏఎక్స్ దొరికితే అదే మేలు.

ప్రశ్న: మా ప్లేనర్‌కు మూడు బెల్టులు పక్కపక్కన ఉంటాయి. ఒకటే తెగింది. మిగతా రెండూ చూడటానికి బాగానే ఉన్నాయి. ఒక్కటే కొంటే చాలదా సార్?

చాలదు. మూడూ మార్చండి. పాత రెండూ సాగి ఉంటాయి, కొత్తది సాగలేదు. అంటే పొట్టిగా ఉన్న కొత్త బెల్ట్ ఒక్కటే లోడంతా మోస్తుంది, పాతవి ఊరికే తిరుగుతుంటాయి. మూడింటి పని ఒక్కటి చేస్తే అది ఎన్నాళ్లో ఉండదు. మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి, వీలైతే ఒకే బ్యాచ్‌వి తీసుకోండి. పాతవాటిలో బాగున్నవి అత్యవసరానికి దాచుకోండి, కొత్తవాటితో కలపకండి.

అసలు ఆ ఒక్కటే ఎందుకు తెగింది? ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో మీటి ఎక్కించారేమో గుర్తు చేసుకోండి. అలా మీటినప్పుడు లోపలి దారాలు తెగుతాయి. పైకి ఏమీ కనబడదు. కొన్నాళ్లకు బెల్ట్ సరిగ్గా అక్కడే తెగుతుంది. మోటార్ బోల్టులు వదులు చేసి, మోటార్‌ను ముందుకు జరిపి, బెల్టులను చేత్తో వేసి, తర్వాత వెనక్కి లాగి బిగించండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ప్రశ్న: టేబుల్ సా చాలా అదురుతోంది. ముక్కలు ముక్కలుగా అతికించుకునే లింక్ బెల్ట్ వేస్తే అదురు పోతుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజం. కొనే ముందు అదురు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. బెల్ట్ తీసేసి, చేతులు దూరంగా ఉంచి, మోటార్ ఒక్కదాన్ని తిప్పండి. అప్పుడూ అదిరితే బెల్ట్‌ది తప్పు కాదు, మోటార్ బేరింగ్‌దో పుల్లీదో. మోటార్ ఒంటరిగా అదరకుండా తిరిగితే ప్లగ్ పీకి, పుల్లీలను చేత్తో తిప్పుతూ అంచు పక్కకు ఊగుతోందా చూడండి. పుల్లీని షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైందేమో చూడండి. ఆ స్క్రూ ఒక్కటి బిగిస్తే పోయే అదురుకు కొత్త బెల్టులు కొన్నవాళ్లను చాలామందినే చూశాను.

ఇవన్నీ బాగుంటే అప్పుడు బెల్ట్. చాలాకాలం తిప్పకుండా వదిలేసిన మెషిన్‌లో బెల్ట్ పుల్లీల దగ్గర వంగిన చోట అలాగే గట్టిపడి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ వంపు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ ఒక దెబ్బ వేస్తుంది. అరగంట నడిపితే వేడికి ఆ వంపు చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మార్చండి.

ఇలా వంపు గట్టిపడే అలవాటు లింక్ బెల్ట్‌కు లేదు, దాని మేలు అదే. ఇంకో మేలు, షాఫ్ట్ విప్పకుండానే వేయవచ్చు. బ్యాండ్ సా లోపల బెల్ట్ ఏ ఫ్రేమ్ చుట్టూనో చిక్కుకుని ఉంటే ఇది వరమే. కానీ దాని మీద బాణం గుర్తు ఉంటుంది, తిరిగే దిశ అదే కావాలి. రివర్స్‌లో కూడా తిప్పే లేత్‌కు నేను వేయను. మామూలు బెల్ట్ కంటే అడుగున మందంగా ఉంటుంది కాబట్టి లోతు తక్కువ పుల్లీలోనూ, ఇరుకైన గార్డ్‌లోనూ తగలవచ్చు. తయారీదారు చెప్పిన లెక్కలో లింకులు తగ్గించి బిగువుగా వేయాలి. వదులుగా వేస్తే ఆ బెల్టే చప్పుడు చేస్తుంది. మంచి పుల్లీలు, సరైన అలైన్‌మెంట్ ఉన్న మెషిన్‌కు గాట్లున్న మామూలు బెల్ట్ ఇంచుమించు అంతే నిశ్శబ్దంగా నడుస్తుందన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: చిన్న బ్యాండ్ సా బెల్ట్ చదునుగా, లోపల సన్నటి గీతలతో ఉంది. మీద 470జే6 అని ఉంది. కార్ల స్పేర్ పార్టుల షాపులో అలాంటిదే ఆరు గీతలది ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. కార్ల బెల్టులు సాధారణంగా ‘పీకే’ (PK) రకం. గీతకు గీతకు మధ్య 3.56 మి.మీ. ఉంటుంది. మీది ‘పీజే’ (PJ) రకం, దూరం 2.34 మి.మీ. రెండింటికీ ఆరు గీతలున్నా గాళ్లలో కూర్చోవు. మీ నంబర్‌ను ఇలా చదవాలి: 470 అంటే 47.0 అంగుళాలు, జే అంటే గీతల రకం, చివరి 6 అంటే గీతల సంఖ్య. మిల్లీమీటర్లలో రాసే కంపెనీలు దీన్నే 6పీజే1194 అనో, ఇంచుమించు అలాగో రాస్తాయి.

నంబర్ లేకపోతే పది గీతల దూరం కొలిచి పదితో భాగించడం మంచి పద్ధతి, కానీ మీకు ఆరే ఉన్నాయి కాబట్టి మొదటి గీత కొన నుంచి ఆరో గీత కొన వరకు కొలిచి అయిదుతో భాగించండి. 12 మి.మీ. కంటే కొంచెం తక్కువ వస్తే పీజే.

సరిగ్గా ఆరు గీతలది దొరకకపోతే కంగారు పడకండి. అదే పొడవులో ఎనిమిదో పదో గీతలది తెచ్చి, గాడి వెంట పదునైన కత్తితో నెమ్మదిగా కోసి ఆరుకు తగ్గించవచ్చు. ఫ్యాక్టరీలో కూడా వెడల్పాటి గొట్టంలా తయారుచేసి ఇలాగే కోస్తారు. కోత మాత్రం గీతల మధ్య లోయలోనే నడవాలి, గీత మీదికి ఎక్కకూడదు.

ప్రశ్న: చేతి ప్లేనర్‌లో పళ్ల బెల్ట్ తరచూ పాడవుతోంది. పళ్లు మొదలుకంటా ఊడిపోతున్నాయి. ఇంకా గట్టి బెల్ట్ ఏదైనా ఉందా?

పళ్లు మొదలుకంటా ఊడితే తరచుగా కారణం బెల్ట్ బలం కాదు, ఎక్కడో మెషిన్ పట్టేస్తోంది. వీ-బెల్ట్ అయితే జారి తప్పించుకుంటుంది. పళ్ల బెల్ట్‌కు జారే దారి లేదు, పళ్లు తెగాల్సిందే. ఒకేసారి లోతుగా చిత్రిక పట్టడం, మొద్దుబారిన కత్తులు, పొట్టు బయటికి పోయే దారి మూసుకుపోవడం, ఈ మూడూ చూడండి. కవర్ తీసి పుల్లీ పళ్ల మధ్య జిగురు, పొట్టు గట్టిగా పేరుకుని ఉందేమో చూడండి. అలా పేరుకుంటే బెల్ట్ పన్ను పూర్తిగా దిగదు, కొన మీదే లోడ్ పడుతుంది. పుల్ల ముక్కతో గీకి బ్రష్‌తో శుభ్రం చేయండి.

కొత్తది కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టండి. పది పళ్ల దూరం కొలవండి. 30 మి.మీ. వస్తే 3ఎం రకం. 80 పళ్లుంటే పొడవు 240 మి.మీ. అన్నమాట. జాగ్రత్త పడాల్సిన చోటు 5 మి.మీ. దగ్గర ఉంది. 5ఎం రకంలో పది పళ్లకు 50 మి.మీ. వస్తుంది, ఎక్స్‌ఎల్ రకంలో 50.8. స్కేల్‌తో చూస్తే ఒకటే అనిపిస్తాయి. పన్ను ఆకారం చూడండి: గుండ్రంగా ఉంటే 5ఎం, పక్కలు వాలుగా పైన చదునుగా ఉంటే ఎక్స్‌ఎల్. ఒకదాని పుల్లీ మీద ఇంకొకటి వేస్తే ఇలాగే పళ్లు పోతాయి. ఇంతకుముందు వేసినవి అలాంటివేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: మోటార్ ఆన్ చేయగానే బెల్ట్ కీచుమంటుంది. రోజిన్ (చెట్టు జిగురు) పొడి చల్లితే ఆగుతుందంటున్నారు.

చల్లకండి. స్ప్రే కూడా కొట్టకండి. కాసేపు పట్టు వస్తుంది, తర్వాత ఆ జిగురుకు పొట్టు అంటుకుని గాడిలో గట్టిపడుతుంది. కీచుమనడానికి సాధారణంగా రెండే కారణాలు: టెన్షన్ చాలకపోవడం, లేదా బెల్ట్ పక్కలు అప్పటికే గాజులా మారిపోవడం. మొదటిదైతే బిగించండి, రెండోదైతే మార్చండి.

ఎంత బిగించాలంటే, రెండు పుల్లీల మధ్య బెల్ట్ స్వేచ్ఛగా ఉన్న పొడవుకు ప్రతి 100 మి.మీ.కి సుమారు 1.6 మి.మీ. చొప్పున వంగాలి. 450 మి.మీ. ఉంటే మధ్యలో నొక్కితే 7 మి.మీ. చిన్న పుల్లీ ఉన్న ‘ఏ’ సెక్షన్ బెల్ట్‌కు ఆ నొక్కుడు ఒకటిన్నర నుంచి రెండు కిలోల బలం ఉంటే చాలు, చేపల తూకం స్ప్రింగ్ కాటాతో లాగి చూడవచ్చు. అంతకు మించి బిగిస్తే బేరింగులు పోతాయి. కొత్త బెల్ట్ మొదటి రోజుల్లో కాస్త సాగి గాడిలో కుదురుకుంటుంది. కాబట్టి కొన్ని గంటలు నడిచాక ఒకసారి, మరో రోజు పని అయ్యాక ఇంకోసారి చూసి బిగించండి. బిగించిన ప్రతిసారీ రెండు పుల్లీల ముఖాలకు తిన్నని పట్టీ ఆనించి ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. మోటార్ బోల్టులు బిగించేటప్పుడే అది పక్కకు తిరుగుతుంది.

ప్రశ్న: ఎలాగూ బెల్ట్ మారుస్తున్నాను కదా, మోటార్ పుల్లీ కూడా పెద్దది వేసి రంపం స్పీడ్ పెంచితే కోత నున్నగా రాదా?

దయచేసి ఆ పని చేయకండి. మోటార్ పుల్లీ వ్యాసం రెండింతలైతే రంపం వేగమూ రెండింతలవుతుంది. 400 మి.మీ. బ్లేడ్ నిమిషానికి 2850 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్తుంది. రెండింతలంటే 119 మీటర్లు. బ్లేడ్ మీద గరిష్ఠ ఆర్‌పీఎం ముద్రించి ఉంటుంది, అది దాటిన చోట పన్ను ఊడి వస్తే ఏ గార్డూ ఆపుతుందని చెప్పలేం. నున్నటి కోత కావాలంటే ఎక్కువ పళ్లున్న బ్లేడ్ వేయండి. పాత మెషిన్ కొన్నవాళ్లు ఇప్పుడున్న పుల్లీలు కూడా అసలువేనా అని ప్లేట్ మీది వేగంతో ఒకసారి పోల్చి చూసుకోండి.

ప్రశ్న: స్పేర్ బెల్టులు రెండు కొని మోటార్ పక్కన గోడకు మేకు కొట్టి తగిలించాను. ఎన్నాళ్లు ఉంటాయి?

అక్కడి నుంచి తీసేయండి. మేకు మీద వేలాడితే ఆ ఒక్క చోట వంపు పడుతుంది, మోటార్ దగ్గర పుట్టే ఓజోన్ రబ్బర్‌ను పగలగొడుతుంది. ఎండ, నూనె, థిన్నర్ వాసన కూడా తగలకూడదు. వదులుగా చుట్టి, మెలిక పడకుండా, చీకటిగా ఉండే అల్మరాలో పడుకోబెట్టండి. వాడే ముందు చేత్తో వెనక్కి వంచి చూడండి, అడుగున సన్నటి పగుళ్లు కనబడితే అది కొత్తదైనా వేయకండి. గార్డ్ లోపలి వైపు ఒక కాగితం అంటించి బెల్ట్ నంబర్, సెక్షన్, షాఫ్టుల దూరం, మార్చిన తేదీ రాసి పెట్టుకోండి. నంబర్ చెరిగిపోయిన రోజున మీకో, మీ తర్వాత ఆ మెషిన్ కొన్నవాళ్లకో పనికొస్తుంది.